పుట్టిన తేదీ తెలియదు

ఫారంలో పేరు, రంగు, బరువు రాసేశాను. "పుట్టిన తేదీ" అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. పెంపుడు జంతువుల దహన కేంద్రంలో బల్ల వెనక కూర్చున్న కుర్రవాడు మర్యాదస్తుడు. "సుమారుగా రాసినా ఫరవాలేదండీ, ఫలకం మీద చెక్కడానికే" అన్నాడు. రాజు పక్క గదిలో ఉన్నాడు, తన పాత దుప్పటిలోనే. పదకొండేళ్ళు నాతో బతికినవాడి పుట్టినరోజు నాకు తెలియదని ఒప్పుకోవడానికి ఆ కుర్రవాడి ముందు ఎందుకో సిగ్గేసింది.

నిజానికి అందులో నా తప్పేమీ లేదు. షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్కల సంగతి ఇంతే. వాళ్ళిచ్చిన కార్డు మీద "వయసు: సుమారు 3 ఏళ్ళు" అని ఉంది. ఆ "సుమారు" పళ్ళు చూసి కట్టిన లెక్క. ఆరేడు నెలలకల్లా కుక్కపిల్లకు పాలపళ్ళు పోయి అసలు పళ్ళు వచ్చేస్తాయి కాబట్టి అప్పటిదాకా వయసు కాస్త నమ్మకంగా చెప్పవచ్చు. ఆ తరువాత పాచి ఎంత పట్టింది, కొనలు ఎంత అరిగాయి అన్నదే ఆధారం. రాళ్ళూ ఇనుప ఊచలూ కొరికిన కుక్కకు పళ్ళు వయసును మించి అరుగుతాయి. రాజు పళ్ళు అలా అరిగినవే. వాడికి అప్పుడు రెండేళ్ళే ఉండవచ్చు, అయిదూ ఉండవచ్చు.

గడిలో ఒక గీత గీసి ఫారం ఇచ్చేశాను.

మా ఇంట్లో చనిపోయిన కుక్కల్లో రాజు రెండోవాడు. మొదటిది కాటుక. కళ్ళ చుట్టూ నల్లటి గీత ఉండేది, అందుకే ఆ పేరు. దాన్ని తెచ్చుకున్న రెండేళ్ళకు రాజు వచ్చాడు. అది పోయాక నేను చేసినదంతా తప్పే. ఆ తప్పు తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది, అదీ రాజు జబ్బుపడ్డాకే.

కాటుక ఒక్క మధ్యాహ్నంలో పోయింది. పొద్దున ఎప్పటిలాగే షికారుకు వచ్చింది. రెండు గంటలకు లేచి నాలుగు అడుగులు వేసి కూలబడింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు కాగితంలా తెల్లగా ఉన్నాయి. ఆసుపత్రిలో డాక్టరు గారు పొట్టలోకి సూది పెట్టి లాగితే సిరంజి నిండా రక్తం వచ్చింది. ప్లీహం మీద రక్తనాళాల క్యాన్సర్ గడ్డ, పగిలిందన్నారు. పెద్ద వయసు కుక్కల్లో ఇది తరచుగా వచ్చేదేనట. పగిలేదాకా పైకి ఏమీ కనిపించదట. ఆపరేషన్ చేసినా చాలా కుక్కలు కొద్ది నెలలే బతుకుతాయని, ఆ స్థితిలో బల్ల మీదే పోయే అవకాశం ఎక్కువని చెప్పారు. నిర్ణయానికి మాకు దొరికినది ఇరవై నిమిషాలు.

ఆఖరి ఇంజెక్షను ఇచ్చేటప్పుడు నేను వరండాలోకి వెళ్ళిపోయాను. ఫోను వచ్చిందన్నాను. ఫోను రాలేదు. మా ఆవిడ ఒక్కతే దాని దగ్గర ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి గిన్నె, చాప, బొమ్మలు, దువ్వెన అన్నీ ఒక సంచిలో కూరి బయట పడేశాను. ఫినాయిలుతో గదులన్నీ కడిగాను. ఏదో పని జరుగుతోందన్న భ్రమ. చూడకపోతే తొందరగా తగ్గుతుందని నా లెక్క. వాసన పోగొట్టానని తృప్తిపడ్డాను కానీ, ఆ వాసన అవసరమైనవాడు ఇంట్లో ఇంకొకడున్నాడని తట్టలేదు. రాజు తడి నేల మీద ముక్కు ఆనించి, కాటుక పడుకునే మూల దగ్గర అటూ ఇటూ తిరిగి, చివరికి అక్కడే నిలబడిపోయాడు. కూర్చోలేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తరువాతి రెండు వారాలూ తిండి సగానికి సగం వదిలేశాడు, రాత్రిళ్ళు గుమ్మం దగ్గరే పడుకున్నాడు.

కుక్కలకు ఇవన్నీ ఉండవు, మనమే ఊహించుకుంటామని అప్పట్లో అనుకున్నాను. ఇటలీలో కొందరు పరిశోధకులు కనీసం రెండు కుక్కలుండి వాటిలో ఒకటి చనిపోయిన ఇళ్ళ యజమానులను 426 మందిని అడిగి, 2022లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళలో 86 శాతం మంది మిగిలిన కుక్క ప్రవర్తన మారిందనే చెప్పారు. ఆడుకోవడం తగ్గడం, ఎక్కువ నిద్ర, తక్కువ తిండి, మనిషిని వదలకపోవడం. అది దుఃఖమేనా అన్నది వేరే చర్చ. యజమాని దిగులు కూడా కుక్కకు అంటుకోవచ్చని వాళ్ళే అన్నారు. నాకు మాత్రం ఆ తడి నేల గుర్తొచ్చింది. చనిపోయిన తోటి కుక్కను ఒకసారి వాసన చూడనివ్వమని కొందరు డాక్టర్లు చెబుతారు. నేను దాని శరీరాన్నీ చూపించలేదు, వాసననూ మిగల్చలేదు.

ఇక నా సంగతి. మూడేళ్ళ తరువాత ఒక రాత్రి భోజనాల దగ్గర కాటుక చెవుల ప్రస్తావన వచ్చింది. ఒక చెవి నిటారుగా ఉండేది, రెండోది మడత పడేది. మడత పడేది ఎడమదా, కుడిదా? నేను ఎడమదన్నాను, అమ్మాయి కుడిదంది. ఫోటోలు తీశాం. ఒకదానిలో ఎడమది, ఇంకొకదానిలో కుడిది. కొన్ని సెల్ఫీలు కదా, అద్దంలోలా తిరగబడి వచ్చాయి. ఏది తిరగబడినదో చెప్పడానికి వెనక గోడ మీద అక్షరం ముక్కైనా లేదు. తొమ్మిదేళ్ళ పాటు రోజూ ఆ చెవినే నిమిరాను. చెయ్యి చాచి గాలిలో నిమిరి చూశాను, చేతికైనా గుర్తుంటుందేమోనని. చేతికీ గుర్తులేదు.

ఆ రాత్రి ఏడ్చాను. అది పోయిన రోజు రాని ఏడుపు.

కాటుక పోయిన రోజుల్లో బయట దాని మాట ఎత్తితే వచ్చే జవాబులు రెండే. ఒకటి "కుక్కే కదా". రెండోది "ఇంకొకటి తెచ్చుకోండి". రెండూ ప్రేమతో అన్నవే, అందుకే తిరిగి ఏమీ అనలేం. కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లో ఇలాంటి దుఃఖానికి ఒక పేరు పెట్టాడు. లోకం గుర్తించని దుఃఖం అని దాని అర్థం. సెలవు దొరకదు, పరామర్శకు ఎవరూ రారు, ఏడిస్తే నవ్వుతారు. పేరు ఉందని తెలిశాక బాధ తగ్గలేదు కానీ, నాకు మతి చెడలేదన్న ధైర్యం వచ్చింది.

ఒక పెద్దాయన మాత్రం ధర్మరాజు కథ చెప్పి ఓదార్చాడు. హస్తినాపురం నుంచి వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడే, ఆ కథ. మంచి కథే. కానీ నాకు దానిలో ఒకటి నచ్చదు. చివరికి అది కుక్క కాదని, సాక్షాత్తు యమధర్మరాజని తేల్చేస్తారు. అది కుక్కగానే ఉండిపోతే ఏం తక్కువయ్యేది?

రాజుకు మూత్రపిండాల జబ్బని పోయిన ఏడాది తెలిసింది. ఎక్కువ నీళ్ళు తాగుతున్నాడని, రాత్రి రెండుసార్లు బయటికి తీసుకెళ్ళమంటున్నాడని పరీక్ష చేయించాం. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగినట్టు కనిపించేసరికే మూత్రపిండాల పనిలో నాలుగింట మూడొంతులు పోయి ఉంటుందట. అప్పటిదాకా మిగతా భాగం బరువంతా మోస్తూ నెట్టుకొస్తుంది. నయం కాదు, నెమ్మది చేయగలం అంతే. చర్మం కింద సెలైన్ ఎక్కించడం డాక్టరు గారు నేర్పించారు. సంచీని గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచాలి, లేకపోతే చల్లదనానికి కుక్క వణుకుతుంది. భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా పైకి లాగి సూది గుచ్చాలి. అయిదారు నిమిషాల్లో వీపు మీద మూపురంలా ఉబ్బుతుంది. కాసేపటికి ఆ నీరు జారి ముందుకాలి పక్కన సంచిలా వేలాడుతుంది. దాన్ని ఊపుకుంటూ రాజు ఇల్లంతా తిరిగేవాడు. సూది అంటే భయం లేదు వాడికి. గోడ మీద మేకుకు తగిలించిన సంచీ అంటే భయం.

ఆ లెక్కల కోసం ఒక నోటు పుస్తకం కొన్నాను. ఎన్ని నీళ్ళు, ఎంత తిండి, బరువు ఎంత. మొదటి నెలంతా అంకెలే. తరువాత నాకు తెలియకుండానే పక్కన మాటలు చేరాయి. "ఈ రోజు గిన్నెలో నీళ్ళు తాగకుండా బకెట్లో తాగాడు." "మెట్టు మీద పడుకుని ముందుకాళ్ళు కిందికి వదిలాడు, కొత్త అలవాటు." "మెడ చుట్టూ వేలెడు వెడల్పున వెంట్రుకలు లేవు, వచ్చినప్పటి నుంచీ అంతే, బెల్టు రాపిడేమో." ఇలాంటివి. కాటుక చెవి దెబ్బ తిన్నవాణ్ణి కదా, రాజు రెండు చెవులూ ఎలా ఉంటాయో బొమ్మ గీసి, కుడి, ఎడమ అని పక్కన రాసుకున్నాను. బొమ్మ చూస్తే కుక్కలా లేదు, గాడిదలా ఉంది. ఫరవాలేదు.

ఎప్పుడు ఆపాలన్నదే అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. ఆలిస్ విలాలోబోస్ అనే అమెరికన్ పశువైద్యురాలు దానికి ఒక పద్ధతి తయారుచేసింది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది. ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులని వేయాలి. మొత్తం 35 దాటితే ఆ బతుకును కొనసాగించవచ్చు. కుక్కకు మార్కులేమిటని మొదట విసుక్కున్నాను. తరువాత ఒక ఆదివారం నేనూ మా ఆవిడా ఒకరి కాగితం ఒకరు చూడకుండా వేశాం. నేను 41 వేశాను. తను 27 వేసింది. ఆకలి దగ్గర నేను 6 వేశాను, నా చేత్తో నాలుగు ముద్దలు తింటున్నాడు కదా అని. "వాడు తినడం లేదు, మీరు తినిపిస్తున్నారు" అంది. అంతే అంది. నేను నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంకో నాలుగు రోజులు గడిచాయి. నోట్లో పుళ్ళు లేచాయి, శ్వాసలో అమ్మోనియా వాసన మొదలైంది. డాక్టరు గారికి ఫోను చేసినది నేనే.

ఆయన ఇంటికే వచ్చారు. ఈసారి నేను ఎక్కడికీ వెళ్ళలేదు. ముందు మత్తు ఇంజెక్షను, పది నిమిషాల్లో గాఢంగా నిద్రపోయాడు. ముందుకాలి నరంలో గొట్టం పెట్టి రెండోది ఇచ్చారు. అది పెంటోబార్బిటాల్ అనే మత్తుమందే, మోతాదు ఎక్కువ. ఒకటి రెండు నిమిషాల్లో గుండె ఆగింది. "కళ్ళు మూతపడవండీ, ఆ తరువాత ఒకటి రెండు పెద్ద శ్వాసలు తీసినట్టు కనిపించవచ్చు, బతికున్నట్టు కాదు" అని ఆయన ముందే చెప్పడం ఎంత మేలు చేసిందో. నిజంగానే ఒక పెద్ద శ్వాస వచ్చింది. ముందే తెలియకపోతే ఆ ఒక్క శ్వాసతో జీవితాంతం ఉండిపోయేవాణ్ణి. నా అరచేయి వాడి పక్కటెముకల మీద ఉంది. పొట్ట దగ్గర వెచ్చదనం చాలాసేపు ఉంది. చెవులు ముందు చల్లబడ్డాయి.

దహనమే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఆ మందు శరీరంలో ఉండిపోతుంది. లోతు చాలకుండా పాతిపెడితే, తవ్వి తిన్న జంతువులకూ పక్షులకూ విషమవుతుంది. వీధిలో బతికి వచ్చినవాడు ఇంకో వీధి కుక్క చావుకు కారణం కాకూడదనిపించింది.

ఈసారి ఏదీ పారేయలేదు. అలాగని గుడి కట్టనూ లేదు. గిన్నె ఉన్నచోటే ఉంది, రెండు నెలల తరువాత మా ఆవిడ తీసి లోపల పెట్టింది. నడవాలో వాడు పడుకునేచోట ఇప్పటికీ చీకట్లో కాలు ఎత్తి దాటుతాను. చీకట్లో కాలికి ఉన్న ఈ జ్ఞాపకం కాటుక చెవి విషయంలో చేతికి ఎందుకు లేకపోయిందో నాకు అర్థం కాదు. వీడియోలు చాలానే ఉన్నాయి. దాదాపు అన్నిటిలో మా మాటలే, వాడి చప్పుడు లేదు. నేల మీద గోళ్ళ టకటక ఒకే ఒక్క వీడియోలో ఏడు సెకన్లు ఉంది, అదీ అమ్మాయి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతుంటే వెనక వినిపిస్తుంది. బతికున్న కుక్క ఇంట్లో ఉన్నవాళ్ళెవరైనా దీన్ని చదువుతుంటే, ఈ రోజే ఒక నిమిషం నోరు మూసుకుని ఆ చప్పుడు రికార్డు చేయండి.

నోటు పుస్తకం మాత్రం కొనసాగించాను. ఒకటే నియమం పెట్టుకున్నాను: మంచివాడు అని రాయకూడదు. పోయినవాళ్ళందరూ మంచివాళ్ళే అయిపోతారు, వారం తిరిగేసరికి. నెల తిరిగేసరికి ఎవరి కుక్కకైనా సరిపోయే కుక్క మిగులుతుంది. అందుకే "చెడ్డ అలవాట్లు" అని ఒక పేజీ కేటాయించాను. మొదటి పంక్తి: "షికారు తాళ్ళు నమలడం. పదకొండేళ్ళలో తొమ్మిది. తోలువి నాలుగు, నైలానువి అయిదు." ఎక్కడైనా రెండు నిమిషాలు కట్టి ఉంచితే చాలు, కిందికి వంగి తాపీగా నమిలేవాడు. తెగాక పారిపోయేవాడు కాదు, అక్కడే కూర్చునేవాడు. నాకు పట్టరాని కోపం వచ్చేది. అరిచేవాణ్ణి. ఒకసారి తెగిన తాడుతోనే కొట్టాను కూడా. అదీ రాశాను.

పేరు సంగతి కూడా రాశాను. "రాజు" షెల్టర్ వాళ్ళు పెట్టిన పేరు. వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం షికారులో ఎవరో తల్లి తన పిల్లవాణ్ణి "చంటీ!" అని గట్టిగా పిలిచింది. రాజు టక్కున ఆగి, తోక కాళ్ళ మధ్య దూర్చి, నేలకు అతుక్కుపోయాడు. "వాడి అసలు పేరు అదేనేమో నాన్నా" అంది అమ్మాయి. ఇంటికొచ్చాక నేను మెల్లగా ఒక్కసారి ఆ పేరు పిలిచి చూశాను. మంచం కిందికి పాకి, అక్కడే మూత్రం పోసేశాడు. మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. పేరే కావచ్చు, ఆ అరుపు తీరే కావచ్చు.

జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్‌లో 1914లో ఒక పాత సమాధి బయటపడింది. 14 వేల ఏళ్ళ కిందటిది. ఒక పురుషుడు, ఒక స్త్రీ, వాళ్ళతో పాటు ఒక కుక్క. ఆ కుక్క వయసు ఏడు నెలలు. దానికి డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చిందని, మనుషులు సాకకపోతే అన్ని వారాలు బతికేది కాదని దాని పళ్ళ మీది గుర్తులను బట్టి ఇటీవల తేల్చారు. నెలలతో సహా చెప్పగలిగారు, చూడండి. చిన్న వయసులో పోయింది కాబట్టి పళ్ళు చెప్పేశాయి. మా వాడి వయసు మాత్రం "సుమారు".

మిగిలిపోయిన సెలైన్ సంచులు, విప్పని మందులు వృథా చేయకూడదని వాటిని తీసుకుని షెల్టర్‌కు వెళ్ళాను. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఏదో ఒకటి ఇంటికి వస్తుందన్న భయం. ఇప్పుడు అక్కడ ఉన్నది వేరే మనుషులు. కార్డు మీద నంబరు చూసి, "చేర్చుకున్నప్పటి రిజిస్టరు ఉండాలి" అని ఒకావిడ లోపలికి వెళ్ళి, అట్ట ఊడిన పుస్తకం తెచ్చి దుమ్ము తట్టింది. అలాంటి పుస్తకం ఉంటుందని నాకు ఎప్పుడూ తట్టలేదు. వాళ్ళు దత్తత కార్డు మీద వయసు, టీకాలు మాత్రమే రాస్తారట. జనం భయపడి వెనక్కు తగ్గుతారని మిగతావి రాయరట.

నాలుగు పంక్తులే ఉన్నాయి. నీలం సిరా, తొందరగా రాసిన చేతిరాత. "మగ. గోధుమ రంగు. వర్షంలో మూసిన దుకాణం గుమ్మంలో దొరికింది. మెడ చుట్టూ లోతైన పుండు. మెడకు మూరెడు తాడు, కొన నమిలి తెంపినట్టు ఉంది."

ఆవిడ నా వైపు చూసి మంచినీళ్ళు కావాలా అని అడిగింది. అక్కర్లేదన్నాను. ఫోటో తీసుకోవచ్చా అంటే తీసుకోమంది. నా చెయ్యి వణికింది, రెండోసారి తీశాను. వెనక ఆవరణలో కుక్కలు ఒకటే మొరుగుతున్నాయి. వాటిని చూడకుండానే వచ్చేశాను.

ఇంటికి వచ్చి నోటు పుస్తకం తీశాను. మెడ దగ్గర బెల్టు రాపిడేమో అని రాసిన చోట "కాదు" అని రాశాను. "చెడ్డ అలవాట్లు" పేజీలో మొదటి పంక్తిని కొట్టేశాను. నేను కొట్టిన సంగతి రాసిన పంక్తిని కొట్టేయలేదు. తొమ్మిది అన్న అంకెను మాత్రం మొదటి పేజీలోకి తెచ్చుకుని, పది అని దిద్దాను.